చాగోస్ దీవులపై మారిషస్‌కు, బ్రిటన్‌కు వివాదం ఎందుకు వచ్చింది?

మారిషస్‌కు 1968లో స్వాతంత్ర్యం ఇవ్వడానికి మూడేళ్ల ముందే బ్రిటన్ హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులను దాని నుంచి విడదీసి, 30 లక్షల పౌండ్లు చెల్లించి, తన అధీనంలో ఉంచుకోవడమే ఈ వివాదానికి మూలం. అసలు ఉద్దేశం వాటిలో పెద్దదైన డియెగో గార్సియాను సైనిక స్థావరం కోసం అమెరికాకు అప్పగించడం. అందుకే 1973 నాటికి అక్కడి నివాసులందరినీ మారిషస్‌కు, సీషెల్స్‌కు తరలించారు.

మారిషస్ నాయకులు 1965లో సమ్మతించారని బ్రిటన్ వాదించింది. అయితే పాలకుల ఒత్తిడిలో పాలితులు ఇచ్చిన సమ్మతికి విలువెంత? అది ప్రజల స్వేచ్ఛాభీష్టం కాదని, వలస పాలన నుంచి మారిషస్ విముక్తి చట్టబద్ధంగా పూర్తి కాలేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో అభిప్రాయపడింది. ఆ అభిప్రాయం సలహా మాత్రమే; అయినా 2025 మేలో, సార్వభౌమాధికారం మారిషస్‌కు, డియెగో గార్సియా నిర్వహణ 99 ఏళ్లపాటు బ్రిటన్‌కు ఉండేలా ఇరు ప్రభుత్వాలు ఒప్పందంపై సంతకాలు చేశాయి. దీవుల నుంచి వెళ్లగొట్టినవారు మాత్రం అందులో పక్షం కారు.