అగ్రానమీ చదవాలంటే వ్యవసాయ కుటుంబం నుంచే రావాలా?

"మా ఇంట్లో ఎవరూ వ్యవసాయం చేయలేదు. అగ్రానమీలో చేరితే నెట్టుకురాగలనా, అసలు అందులో ఏం చెప్తారు?" అని కదా మీ ప్రశ్న. నేను సస్య శాస్త్రం (అగ్రానమీ అంటే ఇదే, పంటల సాగు గురించిన శాస్త్రం), సాయిల్ సైన్స్ (నేలల శాస్త్రం) రెండూ కలిసి ఉన్న డిగ్రీ చదివాను. పొలం పనులు తెలియవని టెన్షన్ పడకండి, ఒక పంటకాలం తిరిగేసరికి అలవాటైపోతాయి. మా బ్యాచ్‌లో చాలామందికి చెమటలు పట్టించింది కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్.

ముందు నేల గురించి చెప్తాను, నాకు బాగా నచ్చింది అదే. ల్యాబ్‌లో మట్టిని చేత్తో గుర్తుపట్టడం నేర్పిస్తారు. గుప్పెడు మట్టి తడిపి, బాగా పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీయాలి. గరగరలాడితే ఇసుక పాలు ఎక్కువ. తడి పిండిలా నున్నగా తగిలితే ఒండ్రు. తెగకుండా 5 సెంటీమీటర్లు దాటి సాగితే బంకమట్టి. తర్వాత అదే మట్టిని జాడీలో నీళ్లతో కలిపి హైడ్రోమీటర్‌తో (ద్రవం సాంద్రత కొలిచే సాధనం) ఏ రేణువులు ఎంత ఉన్నాయో లెక్క కడతారు. కలపడం ఆపిన 40 సెకన్లకే ఇసుక అడుక్కి చేరుతుంది. 0.002 మి.మీ. కంటే సన్నని బంకమట్టి రేణువులు మాత్రం గంటల తరబడి నీళ్లలో తేలుతూనే ఉంటాయి. వేళ్లకు తోచిందీ హైడ్రోమీటర్ చూపించిందీ ఒకటే అయితే భలే సంబరం.

ఆ బంకమట్టి రేణువుల మీద ఋణావేశం ఉంటుంది. ధనావేశం ఉన్న పొటాషియం, కాల్షియం, అమ్మోనియం దాన్ని అంటిపెట్టుకుంటాయి, నత్రజని రూపాల్లో ఒకటైన నైట్రేట్‌ది మాత్రం ఋణావేశమే కాబట్టి అంటుకోక నీళ్లతోపాటు కిందికి పోతుంది. నత్రజని ఎరువును దఫదఫాలుగా ఎందుకు వేయమంటారో అక్కడ అర్థమవుతుంది. రైతు కుటుంబాల నుంచి వచ్చిన నా మిత్రులకు పద్ధతి చిన్నప్పటి నుంచీ తెలుసు. కారణం మాత్రం వాళ్లూ నాతోపాటు క్లాసులోనే విన్నారు.

ల్యాబ్ పనికి ఓపిక కావాలి. సేంద్రియ కర్బనం పరీక్షలో డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి అరగంట ఆగుతాం. ఆ తర్వాత టైట్రేషన్‌లో (రంగు మారేదాకా ఇంకో ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి కొలవడం) ముదురు నీలం రంగు ఒక్క చుక్కతో మెరిసే ఆకుపచ్చగా మారుతుంది. ఏమరుపాటుగా ఉన్నారో, మళ్లీ మట్టి తూయడం దగ్గర్నుంచి మొదలు.

పంటల వైపు ధాతు లోపాలు, అంటే మొక్కకు పోషకాలు చాలకపోతే కనిపించే లక్షణాలు చెప్తారు. నత్రజని మొక్కలో కదులుతుంది కాబట్టి దాని లోపం ముందు ముదురు ఆకుల్లో కనిపిస్తుంది. ఇనుము అంతగా కదలదు కాబట్టి లేత ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. పరీక్షలో ఇది రాస్తే మార్కులొస్తాయి. పొలంలో మాత్రం నీళ్లు నిలిచినా, వేరు కుళ్లినా ఆకు పసుపు రంగుకే తిరుగుతుంది, కాబట్టి మొక్క పీకి వేరు చూడకుండా ఏమీ తేల్చకూడదు.

ఇక స్టాటిస్టిక్స్. దీన్ని తప్పించుకునే దారి లేదు, ఎందుకంటే ఇందులో చాలా భాగం పొలంలోనే పుట్టింది. 1919లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో చేరిన రొనాల్డ్ ఫిషర్, అక్కడి పంట ప్రయోగాల లెక్కలతో కుస్తీ పడుతూనే అనోవా (దిగుబడుల్లో కనిపించే తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని తేల్చే లెక్క) పద్ధతికి రూపమిచ్చాడు. ఒకే పొలంలో ఒక మూల తేమ ఎక్కువ, ఇంకో మూల సారం తక్కువ. మంచి మడి ఏ రకానికి దక్కితే అదే గొప్పదనిపిస్తుంది. అందుకే పొలాన్ని బ్లాకులుగా విడగొట్టి, ప్రతి బ్లాకులో ఏ మడిలో ఏది వేయాలో లాటరీ తీస్తాం. అంచు వరుసలకు వెలుతురు, చోటు ఎక్కువ దొరికి మొక్కలు ఏపుగా పెరుగుతాయి. వాటిని దిగుబడి లెక్కలోకి రానివ్వం, ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకుల కంటే ముందు ఒక్క విషయం అక్కడి విద్యార్థులనే అడగండి: విత్తనం వేసిన దగ్గర్నుంచి కోత దాకా సొంతంగా చూసుకోవడానికి మడి ఇస్తారా, లేక పొలం గట్టు మీద నిలబెట్టి చూపించి పంపేస్తారా? రెండోదైతే వేరే చోటు వెతుక్కోండి.