పదకొండేళ్ళకే ఒక్క ఆటేనా?

ప్రశ్న: మాది బరంపురం. బాబుకి 11 ఏళ్ళు. ఏడో ఏట నుంచి క్రికెట్ కోచింగ్, ఫాస్ట్ బౌలర్. పొద్దున గంటన్నర, సాయంత్రం రెండు గంటలు, వారానికి ఆరు రోజులు. వేరే ఆటలాడితే చెడిపోతాడని కోచ్ అంటారు, మావారిదీ అదే మాట. ఈమధ్య నడుం నొప్పంటున్నాడు. సాకులని ఆయన కోప్పడుతున్నారు. మొన్న బియ్యం డబ్బా వెనక వాడి పాత బూట్లు దొరికాయి, నిండా ఇసుక. వీధి పిల్లలతో దొంగచాటుగా ఫుట్‌బాల్ ఆడుతున్నాడట. ఆయనకి చెప్పాలా, దాచాలా?

జవాబు: అమ్మా, బూట్ల సంగతి తర్వాత. ముందు నడుం చూడాలి. ఎదిగే వయసులో ఫాస్ట్ బౌలింగ్ చేసే పిల్లలకి వెన్నెముక కింది భాగంలో సన్నటి పగుళ్ళు రావడం కొత్తేమీ కాదు. వెనక్కి వంగి, పక్కకి తిరిగి, బరువంతా ముందుకాలి మీద వేసి బంతి విసరాలి. లేత ఎముక రోజూ అదే పని ఎంతకని తట్టుకుంటుంది? వెనక్కి వంగితే నొప్పి ఎక్కువవుతోందేమో వాణ్ణి అడగండి. ఏం చెప్పినా సరే, ఎముకల డాక్టరు చూసేదాకా బౌలింగ్ బంద్. మాత్ర వేసి మ్యాచ్‌కి పంపొద్దు.

13 ఏళ్ళలోపు ఫాస్ట్ బౌలర్లు ఒక విడతలో 5 ఓవర్లు, రోజుకి 10 దాటకూడదని ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు పరిమితి పెట్టింది. మీవాడు నెట్స్‌లో, అంటే వల కట్టి చేసే ప్రాక్టీసులో, ఎన్ని వేస్తున్నాడో ఎవరైనా లెక్కపెట్టారా?

మీరు రాసిన లెక్కే చూస్తే వారానికి 21 గంటలు. పిల్లల వయసెంతో వారానికి అన్ని గంటలకు మించి శిక్షణ ఉండకూడదని ఆటగాళ్ళను చూసే డాక్టర్లు చెబుతుంటారు. ఒకే ఆటకు అంకితమవడం 15, 16 ఏళ్ళదాకా ఆగితే మంచిదనీ, ఏడాదిలో మొత్తం మూడు నెలలు ఆ ఆటకు సెలవివ్వాలనీ అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది. జిమ్నాస్టిక్స్ లాంటి కొన్నింటిలో త్వరగా మొదలుపెట్టక తప్పదంటారు. క్రికెట్‌కి ఆ తొందర లేదు.

మీవారి మీద నాకు కోపం లేదు. నాలుగేళ్ళుగా ఫీజులు కట్టిన మనిషికి పిల్లాడు వెనకపడతాడేమోనన్న టెన్షన్ ఉంటుంది. స్పిన్నర్ చాహల్ క్రికెట్‌కి ముందు చదరంగంలో దేశం తరఫున ఆడాడని చెప్పండి. నీరజ్ చోప్రా బరువు తగ్గడానికి జిమ్‌కి వెళ్ళి, పదమూడేళ్ళప్పుడు ఈటె పట్టుకున్నాడని చెప్పండి. వినకపోతే డాక్టరు రిపోర్టు చూపించండి, అది గట్టిగా మాట్లాడుతుంది.

నొప్పి తగ్గి డాక్టరు సరేనన్నాక ఫుట్‌బాల్, ఏడుపెంకులాట, గోపాల్‌పూర్ బీచ్ ఇసుకలో పరుగు, ఏదైనా ఆడనివ్వండి. మీ ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో పులివేషం వేస్తానంటే వేయనివ్వండి. డప్పు దెబ్బకి అడుగు మార్చడంలో మోకాలికీ ఊపిరికీ ఉన్న పని ఏ నెట్స్‌లోనూ లేదు (నాకు ఆ వేషమంటే పిచ్చి, అది వేరే సంగతి). కానీ ఒకటి, ఫుట్‌బాల్ ఇష్టమని తెలియగానే దానికీ కోచింగ్ పెట్టకండి!

ఇక బూట్లు. దాచొద్దు, చెప్పండి. కాకపోతే డాక్టరు దగ్గరినుంచి వచ్చాక, పిల్లాడు లేనప్పుడు చెప్పండి. మీరూ దాచడం మొదలుపెడితే రేపు నడుం నొప్పి కూడా వాడు మీ దగ్గర దాస్తాడు. ఆ ఇసుక దులిపి, బూట్లు గుమ్మం దగ్గర క్రికెట్ బూట్ల పక్కనే పెట్టండి. డాక్టరు ఏమన్నారో రాయండి.