ఓడెక్కిన రోజు భోజనం సరే, హారం ఇంటికెప్పుడొస్తుంది?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాకు 42 ఏళ్ళు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. జీతం 52,000, ఇంటి ఖర్చులు 41,000. రెండెకరాల రొయ్యల చెరువు లీజుకిచ్చాం. ఏడాదికి 1,20,000 రావాలి, ఈసారి సగమే వచ్చింది. బ్యాంకులో 85,000 ఉన్నాయి. వేసవిలో నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు సింగపూర్ వెళ్ళి అక్కడ 4 రాత్రుల క్రూయిజ్ ఎక్కాలనుకుంటున్నాం. మొత్తం ఖర్చు 4,60,000. అడ్వాన్సు 40,000 కట్టేశాం. మా ఆవిడ హారం మీద 3,00,000 గోల్డ్ లోన్ తీసుకుని, మిగతా 1,20,000 క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెడదామని ఆలోచన. అమ్మకు 67 ఏళ్ళు, బీపీ, షుగరు ఉన్నాయి. తను ఇంటి దగ్గరే ఉంటుంది. కాలేజీ వాళ్ళ గ్రూప్ ఇన్సూరెన్స్ 3 లక్షలకు ఉంది కానీ అందులో అమ్మ పేరు లేదు. ఓడెక్కిన రోజు బఫేలో కూర్చోడానికి చోటుండదని, ఇంకో 38,000 కడితే ముందుగా ఎక్కించి స్పెషల్ రెస్టారెంట్లలో భోజనం పెట్టిస్తానని ఏజెంటు అంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. ఎక్కిన రోజు మధ్యాహ్నం బఫే మీ టికెట్‌లోనే ఉంటుంది. ఆ రాత్రి పెద్ద డైనింగ్ హాల్లో కూర్చోబెట్టి వడ్డించే భోజనం కూడా టికెట్‌లోదే. రద్దీ మాట మాత్రం నిజం. మూడేళ్ళ కిందట మేమూ సింగపూర్‌లోనే ఎక్కాం. గదులు మధ్యాహ్నం ఒకటిన్నర, రెండు దాకా ఇవ్వలేదు. దాంతో ఎక్కినవాళ్ళంతా చేతిసంచులతో తిన్నగా పై అంతస్తులో బఫేకి వచ్చేశారు. గుమ్మంలో ఒకమ్మాయి నవ్వుతూ అందరి చేతులూ కడిగిస్తోంది. లోపల ఒకాయన ట్రాలీ బ్యాగుని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, రెండు చేతుల్లో రెండు నిండు ప్లేట్లతో, కిటికీ పక్కన తింటున్నవాళ్ళ కుర్చీ వెనకాల నిలబడ్డాడు. మన పెళ్ళిళ్ళలో బంతి ఎప్పుడు లేస్తుందా అని కుర్చీ పట్టుకుని నిలబడతారే, అచ్చం అలాగే. ఇరవై నిమిషాలు ఆగితే మాకూ బల్ల దొరికింది. ఆ ఇరవై నిమిషాల కోసం 38,000 కడతారా?

మాకు అసలు దెబ్బ మరోచోట తగిలింది. మా అత్తగారి షుగరు మాత్రలు పెద్ద పెట్టెలో ఉన్నాయి. పెద్ద పెట్టెలు రేవులోనే తీసేసుకుంటారు, అవి గదికి చేరేసరికి సాయంత్రమైంది. ఆవిడ బఫేలో మూడు రకాల స్వీట్లు లాగించి, నాలుగింటికి కళ్ళు తిరుగుతున్నాయన్నారు. ఓడలో ఆసుపత్రికి తీసుకెళితే రెండు గంటలు పడుకోబెట్టి, మన డబ్బుల్లో 21,000 గది ఖాతాలో రాశారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి తర్వాత చాలావరకు తిరిగొచ్చింది. కానీ ఆ రోజు కట్టాల్సింది మేమే. చేతిలో డబ్బుంది, కట్టాం.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ బిల్లే గుర్తొచ్చింది, ఎందుకంటే బ్యాంకులోని 85,000 తప్ప మీ చేతిలో ఏమీ ఉండబోవడం లేదు.

పుస్తెలమ్మైనా పులస తినాలని మనవైపు అంటాం. వరద నీటికి ఎదురెక్కే చేప కోసం నవ్వుతూ అనుకునే మాట అది. ఈ మధ్య నాకొచ్చే ఉత్తరాల్లో మాత్రం జనం దాన్ని నిజంగానే చేస్తున్నారు. హారం తీసుకెళ్ళి బ్యాంకులో పెట్టి సముద్రం మీద భోజనానికి వెళుతున్నారు. మీ ఒక్కరికే కాకుండా అందరికీ కనపడేలా జవాబు రాస్తున్నది అందుకే.

లెక్క చూడండి. 1,20,000 కార్డు అప్పుకి ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే, 12 నెలల ఈఎంఐ 10,800 దాటుతుంది. నెలకు మీకు మిగిలేదే 11,000. అంటే ఏడాదంతా మీ చేతిలో నెలకు 200 కూడా ఆడదు. బఫేలో ఊరికే వచ్చే కాఫీ వదిలేసి పక్క కౌంటర్లో తాగితే దానికే చాలదు. ఏజెంటు చెప్పిన 38,000 కూడా అందులో కలిపితే ఈఎంఐ 14,200 పైనే, మొదటి నెల నుంచే లోటు. ఇక గోల్డ్ లోన్. 10 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాది తిరిగేసరికి 3,30,000 ఒక్కసారి కట్టాలి. ఎక్కడి నుంచి? లీజు మొత్తం వచ్చినా 1,20,000. ఈసారిలా సగమే వస్తే 60,000. మిగతాదానికి మీరేం చేస్తారో నాకు తెలుసు, మీకూ తెలుసు. వడ్డీ కట్టి తిరగరాయిస్తారు. పై ఏడాది మళ్ళీ తిరగరాయిస్తారు. అలా నాలుగేళ్ళు తిరగరాయించి, చివరికి వేలం నోటీసు జేబులో పెట్టుకుని వచ్చినవాళ్ళను నేను చూశాను.

ఇందులో ఓడ మీద పడే ఖర్చులు ఇంకా వేయలేదు. చాలా అంతర్జాతీయ ఓడల్లో సర్వీసు చార్జీ అని మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా గది ఖాతాలో రాస్తారు. నలుగురికి 4 రోజులకు పాతిక వేలు. పిల్లలకూ పడుతుంది. కార్డు గీకితే విదేశీ కరెన్సీ రుసుము 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద జీఎస్టీ అదనం. మీ ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఇవి ఉన్నాయేమో ఒకసారి చూడండి.

ఇప్పుడు నేను ఎప్పుడూ పాడే పాటే పాడతాను, విసుక్కోకండి. అత్యవసర నిధి. మీ ఖర్చు ప్రకారం ఆరు నెలలకు 2,46,000 ఉండాలి. ఉన్నవి 85,000. డెల్టాలో ఉన్నవాళ్ళకు ఇది ఎందుకంత ముఖ్యమో మీ చెరువే చెప్పింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచగానే రొయ్యల ధరలు పడిపోయాయి. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ జబ్బు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మీకు సగం లీజు ఇచ్చినాయన మంచివాడో చెడ్డవాడో అనవసరం, ఆయనకు రాలేదు, మీకు ఇవ్వలేదు. పైగా ప్రైవేటు కాలేజీల్లో వేసవి జీతాల సంగతి నేను మీకు చెప్పాలా? చెరువు డబ్బు ఆగడం, జీతం సగమవడం ఒకే నెలలో జరిగితే, అదే వారం మీరు మలక్కా జలసంధిలో ఓడ మీద ఉంటే, ఇక్కడ అమ్మగారికి రాత్రి పదింటికి ఆయాసం వచ్చి పక్కింటివాళ్ళు భీమవరం తీసుకెళితే, ఆసుపత్రి కౌంటర్లో అడ్వాన్సు ఎవరు కడతారు?

అమ్మగారికి వెంటనే విడిగా హెల్త్ పాలసీ తీసుకోండి. బీపీ, షుగరు దాచకుండా రాయండి. ముందే ఉన్న జబ్బులకు పాలసీ వర్తించేదాకా ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా 36 నెలలు, కాబట్టి ఎంత ముందు తీసుకుంటే అంత ముందు ముగుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. 30,000 దీనికి పక్కన పెట్టుకోండి.

ఈఎంఐలు లేకపోతే 12 నెలల్లో మీకు 1,32,000 మిగులుతుంది. లీజు మళ్ళీ సగమే వచ్చిందనుకున్నా 60,000. అమ్మగారి ప్రీమియం తీసేస్తే 1,62,000. మీ నిధికి తక్కువైంది 1,61,000. సరిగ్గా ఏడాది. ఆ తర్వాత నుంచి దాచే డబ్బు ఓడకే దాచుకోండి, నేను ఒక్క మాటా అనను. చీటీ పాడి వెళదామా అంటారేమో, అదీ అప్పే. ఈ వేసవికి పిల్లలు ఊరుకోకపోతే కోనసీమలోని దిండి ఊళ్ళో హౌస్‌బోటు ఉంది, జీతం డబ్బుల్లోనే అయిపోతుంది.

కట్టిన 40,000 పోతుందని బాధగా ఉంటుంది. దాన్ని కాపాడుకోడానికి 4,20,000 అప్పు చేయడం ఏం లెక్క? ప్రయాణం తేదీ దగ్గరపడే కొద్దీ రద్దు చార్జీలు పెరుగుతాయి, అందుకే ఈ వారమే ఏజెంటుతో మాట్లాడండి. తేదీ మార్చుకోవచ్చా, రద్దు చేస్తే ఎంత తిరిగొస్తుంది అన్నది ఫోన్లో కాకుండా రాతలో తీసుకోండి. ఆ కాగితం నాకూ పంపండి, చూసి చెబుతాను. హారం ఇంకా బ్యాంకుకి వెళ్ళకపోతే బీరువాలోనే ఉండనివ్వండి.