గిన్నె పట్టుకుని పాప వెనకాల తిరిగిన ఒక నాన్న జవాబు

ప్రశ్న: మా బాబుకు 21 నెలలు. రెండు ముద్దలు తిని నోరు మూసేస్తాడు. ఫోనులో బొమ్మలు పెడితేనే మళ్లీ తెరుస్తాడు. మొన్న పెళ్లికి వెళ్తే చూసినవాళ్లంతా ‘ఇంత బక్కగా ఉన్నాడేమిటి, ఏమీ పెట్టడం లేదా’ అన్నారు. బలానికి ఏ పొడి ఇస్తే మంచిది?

పొడి సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ పెళ్లి మాట. మా పాపకు సుమారు ఇదే వయసులో ఒక గృహప్రవేశానికి వెళ్లాం. బంధువుల్లో ఒక పెద్దావిడ పాప మణికట్టు చుట్టూ తన బొటనవేలు, చూపుడువేలు చుట్టి కొలిచి, ‘పుల్లలా ఉందమ్మా’ అన్నారు. పాపను ఎత్తుకున్నది నేను. ఆ మాట అన్నది మాత్రం పక్కనున్న మా ఆవిడతో. మనవాళ్ల లెక్కలో పిల్ల సన్నగా ఉంటే తల్లి తప్పు, బొద్దుగా ఉంటే తండ్రి పోలిక.

నిజానికి ఆ మాట పడాల్సింది నేనే. మా ఆవిడ టీచరు, పొద్దున్నే ఎనిమిదింటికి బడికి బయల్దేరుతుంది. నాకు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. అందుకని పొద్దుటి టిఫిను, మధ్యాహ్నం అన్నం నా వంతు. మా అత్తయ్యగారు ఇంట్లోనే ఉన్నా, ఆవిడకు మోకాళ్ల నొప్పులు, పాప వెనకాల పరుగెత్తలేరు. ఆ పరుగు నాది. బాల్కనీలో ఒక ముద్ద, మెట్ల మీద ఒక ముద్ద, ఎదురింటి గోడ మీద పిల్లిని చూపించి ఒక ముద్ద. పిల్లి దిగి వెళ్లిపోయిన రోజు నా పని అయిపోయినట్టే. అప్పుడు ఫోను బయటికి వచ్చేది. దాన్ని నీళ్ల సీసాకు ఆనించి బొమ్మల పాటలు పెడితే, పాప కళ్లు అక్కడ, నోరు ఇక్కడ. నోట్లో ఏమి పడుతోందో కూడా దానికి తెలిసేది కాదు. నేనేమో డైరీలో రాసుకునేవాణ్ణి: ‘మంగళవారం, 11 ముద్దలు, ఉమ్మినవి 4.’ నవ్వకండి, ఆ డైరీ ఇప్పటికీ ఉంది.

అత్తయ్యగారు తన వైద్యం తాను చేశారు. ఉప్పు, ఎండుమిరపకాయలు పాప చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేశారు. మిరపకాయలు ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిదేనని తేల్చారు. దానివల్ల పోయేదేమీ లేదు, పాపకు ఆ తిప్పడం సరదాగా కూడా ఉండేది. కానీ అన్నం మాత్రం అదే మూడు ముద్దలు.

ఇంకొక విషయం మేము చూస్తూనే పట్టించుకోలేదు. పెరటి తలుపు పక్కన గోడకు సున్నం పెచ్చులూడిన చోట పాప రోజూ వేలు పెట్టి నాకేది. ఒంట్లో సున్నం తక్కువై అలా చేస్తోందని ఇంట్లో అందరం అనుకుని, పాలు ఇంకొంచెం పెంచాం. మేము చేసిన తప్పుల్లో పెద్దది ఇదే.

చివరికి 22వ నెలలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. తూకం 9.8 కిలోలు. నా గుండె జారింది. మొదటి పుట్టినరోజుకు 8.2 ఉంది, పది నెలల్లో కిలోన్నర పైచిలుకే పెరిగింది కదా మరి. డాక్టరు పాప టీకాల పుస్తకం వెనకనున్న పట్టికలో చుక్కలు కలిపి గీత గీసి చూపించారు. 2.7 కిలోలతో పుట్టిన పాప ఏడాదికి మూడు రెట్లయింది. ఆ వేగంతోనే రెండో ఏడు కూడా పెరిగితే మనిషి కాదు, ఏనుగు పిల్ల అవుతుంది. రెండో ఏట పిల్లలు మామూలుగా పెరిగేదే రెండు, రెండున్నర కిలోలు. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. ఏడాది నిండేదాకా గిన్నెలు ఖాళీ చేసిన పిల్ల ఆ తర్వాత తల తిప్పేసుకోవడంలో వింత లేదని ఆవిడ అన్నారు.

ఆ పట్టికలో 22 నెలల ఆడపిల్లకు మధ్య గీత 11.1 దగ్గర, ఆందోళన పడాల్సిన గీత 8.7 దగ్గర ఉన్నాయి. మా పాప ఆ రెంటికీ మధ్యలో, తన దారిన తాను నడుస్తోంది. మీ బాబు వయసుకు మగపిల్లల పట్టికలో మధ్య గీత 11.5, కింది గీత 9.2. ఇవి 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన అంకెలు. ఇవేవో తెల్లదొరల పిల్లల కొలతలని కొట్టిపారేయకండి, ఆ లెక్కకు కొలిచిన ఆరు దేశాల పిల్లల్లో మన దేశపు పిల్లలూ ఉన్నారు. మన అంగన్‌వాడీల్లో వాడేదీ ఈ కొలతే. పెళ్లిలో చూసినవాళ్ల కళ్లు తక్కెడలు కావు. దగ్గర్లోని అంగన్‌వాడీకి వెళ్లి, చెప్పులు, బరువైన బట్టలు తీసేసి తూచండి. నెల తర్వాత మళ్లీ అదే తక్కెడ మీద తూచండి. ఒక్క అంకెతో తేలేదేమీ ఉండదు, గీత ఎటు పోతోందన్నదే చూడాలి.

తూకం చూసి నేను ఊపిరి పీల్చుకునేలోపే డాక్టరు పాప కింది కనురెప్ప కిందికి లాగి చూశారు. లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంది. గోడ నాకుతుందా, మట్టి తింటుందా అని అడిగారు. మేము ముఖముఖాలు చూసుకున్నాం. తర్వాత, రోజుకు పాలు ఎన్ని తాగుతుందని అడిగారు. నేను ధీమాగా ‘అర లీటరు’ అన్నాను. మా ఆవిడ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది: పొద్దున లేవగానే ఒక సీసా, నిద్రకు ముందు ఒకటి, రాత్రి మధ్యలో రెండు, అన్నం తినలేదని జాలిపడి సాయంత్రం అత్తయ్యగారు ఇచ్చేది ఒకటి. మొత్తం 950 మిల్లీలీటర్లు. అన్నీ చిక్కటి గేదె పాలు.

ఇంక ఆ పిల్లకు ఆకలి ఎక్కడినుంచి వస్తుంది? పిడికిలంత పొట్టను మేమే పాలతో నింపి, అన్నం తినదని మేమే ఏడుస్తున్నాం. పైగా పాలలో ఇనుము దాదాపు లేదు. ఉన్న తిండిలోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా పాలు అడ్డం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. 11 దాటి ఉండాలన్నారు. రక్తం తగ్గితే ఆకలి చస్తుంది, ఆకలి చచ్చిన పిల్ల పాలే తాగుతుంది, పాలు తాగితే రక్తం ఇంకా తగ్గుతుంది. గోడ సున్నం నాకడం కూడా చాలామంది పిల్లల్లో ఇనుము లోపానికి గుర్తేనట. మా పాప ఒక్కతే ఇలా ఉందనుకుని సిగ్గుపడ్డాను కానీ, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మూడిళ్లలో రెండిళ్ల కథ ఇది.

పాలు రోజుకు రెండు చిన్న గ్లాసులు, మించి వద్దన్నారు. సీసా పూర్తిగా మాన్పించమన్నారు. చెప్పడం తేలికే. మొదటి రాత్రి నలభై నిమిషాలు ఏడ్చింది. నేను భుజాన వేసుకుని హాల్లో తిరుగుతూ నీళ్లు ఇస్తే గ్లాసు విసిరికొట్టింది. లోపలి గదిలోనుంచి అత్తయ్యగారు ‘ఇంత రాతిగుండె ఏమిటి బాబూ’ అన్నారు. రెండో రాత్రి ఏడుపు తగ్గకపోగా పక్కింటాయన తలుపు తట్టి ఏమైందని అడిగి వెళ్లారు. మూడో రాత్రి కొంచెం నయం. నాలుగో రాత్రి పడుకున్న పాప పొద్దున్న ఏడింటికి లేచి, వంటింటి గడపలో నిలబడి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ‘ఆకలి’ అంది. ఆ మాట దాని నోట మేము వినడం అదే మొదలు. ఒకటిన్నర ఇడ్లీ తింది. మా ఆవిడ ఆ రోజు బస్సు తప్పిపోయినా పట్టించుకోలేదు.

ఇనుము చుక్కల మందు గురించి ఒక మాట. మొదటి వారం మలం నల్లగా వచ్చి మేము బెదిరిపోయి డాక్టరుకు ఫోను చేశాం. ఆ మందుకు అది మామూలే. పళ్ల మీద మరక పడకుండా బుగ్గ లోపలి వైపు వేసి, వెంటనే నీళ్లు తాగించేవాళ్లం. పాలతో కలిపి ఇవ్వకూడదు. ఆశా కార్యకర్తలు ఇచ్చే ఇనుము సీసా వారానికి రెండుసార్లు, 1 మిల్లీలీటరు చొప్పున, లోపం రాకుండా చూసుకోవడానికి. లోపం వచ్చాక వేసే మోతాదు వేరు, అది బరువును బట్టి డాక్టరే లెక్కకట్టాలి. మా పాపకు నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ 10.1కి వచ్చింది, మందు మాత్రం మరో మూడు నెలలు ఆపలేదు. గోడ నాకడం ఏ రోజు మానేసిందో మేము గమనించలేదు.

ఫోను మాన్పించింది డాక్టరు కాదు, మా పాపే. ఒక మధ్యాహ్నం గుమ్మం పక్కన దాని గుడ్డబొమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టింది. బొమ్మ ఎదురుగా టీవీ రిమోట్ నిలబెట్టింది. అది పడిపోతే మళ్లీ నిలబెట్టింది. తర్వాత ఎడమచేత్తో బొమ్మ గడ్డం గట్టిగా పట్టుకుని, ఉత్త చెంచాను దాని మూతికి గుద్దుతూ ‘తిను తిను తిను’ అంటోంది. ఆ గడ్డం పట్టుకోవడం నాది. ఆ మూడు ‘తిను’లూ నావే. నేను చేతిలోని గిన్నె తీసుకెళ్లి వంటింట్లో పెట్టేసి, కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆ రోజునుంచి నేలమీద పాత పేపరు పరిచి, నాకో పళ్లెం, అత్తయ్యగారికో పళ్లెం, దానికో చిన్న పళ్లెం. ఏమి పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మా ఇష్టం. ఎంత తినాలో దాని ఇష్టం. ఈ రెండో సగం నాకు చాలా కష్టమైంది. ఇరవై నిమిషాలయ్యాక ఏమీ అనకుండా పళ్లెం తీసేయాలి, మళ్లీ తినే వేళ దాకా బిస్కెట్టు కూడా ఇవ్వకూడదు. మొదటి వారం పప్పన్నం పాప పొట్టలోకన్నా జుట్టులోకే ఎక్కువ వెళ్లింది. చీమలు వరుసకట్టాయి. కానీ తన వేళ్లతో తాను నలిపి పెట్టుకున్న ముద్ద అది ఉమ్మలేదు. కరివేపాకు దొరికితే మాత్రం పని ఆపి, రెండు వేళ్లతో పట్టి లాగి, నెమ్మదిగా నా పళ్లెం అంచున పెట్టేది. ఒక్కోసారి నా భోజనం అయ్యేసరికి అంచున ఏడెనిమిది ఆకులు వరుసగా ఉండేవి.

మా ఇంట్లో పనికొచ్చినవి కారం లేని తోటకూర పప్పు, దాని మీద నాలుగు చుక్కల నిమ్మరసం (పులుపు ఉంటే ఆకుకూరల్లో ఇనుము ఒంటికి బాగా పడుతుంది), గుడ్డు, వారానికోసారి మెత్తగా ఉడికించి చిదిమిన కోడి కార్జం. కొత్త రుచి ఏదైనా మొదటిసారి ఉమ్మిందని వదిలేయకండి. గోంగూరను మా పాప తొమ్మిదోసారి మింగింది. వేరుశనగ గింజలు, పెద్ద శనగలు, గుండ్రటి ద్రాక్షపళ్లు అలాగే ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేయాలి.

ఇక మీరు అడిగిన పొడి. నేను రెండు రకాల డబ్బాలు కొన్నాను, రెండూ పాలలో కలిపి తాగించేవే. పాలే మా జబ్బు అని తెలిశాక వాటికి అర్థం లేకుండా పోయింది. కొనేముందు డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదవండి, మిగతాది మీకే తెలుస్తుంది. పిండి కావాలంటే మీ అంగన్‌వాడీలోనే అడగండి. మాకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం సంచి ఇచ్చేవారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేసిన పిండి అది, వేడినీళ్లలో కలిపితే పాప ఇష్టంగా తినేది. అయినా భోజనానికి బదులుగా ఎప్పుడూ పెట్టలేదు.

తూకం గీత కిందికి వంగుతున్నా, రెండు మూడు నెలలుగా బరువు కదలకపోయినా, మింగేటప్పుడు పొలమారుతున్నా, వాంతులో విరేచనాలో తగ్గకపోయినా, ఆటలు మాని నీరసంగా పడుకుంటున్నా ఈ జవాబు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అవేవీ లేకపోయినా ఒక్కసారి కనురెప్పలు చూపించి, అవసరమైతే రక్తపరీక్ష చేయించడం మంచిది.

మా పాపకు ఇప్పుడు నాలుగున్నరేళ్లు. బెండకాయ ఇప్పటికీ ముట్టదు, పెసరట్టు పెడితే లెక్క ఉండదు. మణికట్టు అలాగే సన్నగా ఉంది. మా ఆవిడ మణికట్టూ అంతే.

మీ బాబు రోజుకు ఎన్ని పాలు తాగుతున్నాడో మీరు రాయలేదు. ఒక్కరోజు పొద్దుటినుంచి మర్నాడు పొద్దుటిదాకా, రాత్రివి కూడా కలిపి, కొలగ్లాసుతో కొలిచి రాయండి. అంచనాగా చెప్పకండి, నేనూ అర లీటరే అనుకున్నాను.