కీమో రోగికి నిద్రమాత్ర మీరే కొనిచ్చేస్తే ఎలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అమ్మకు 54 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు విశాఖలో ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. ఆమెకు గడ్డ అని మాత్రమే చెప్పాం. ఎవరితోనూ మాట్లాడదు, సరిగా తినదు, రాత్రంతా మెలకువే. ‘నా వల్ల మీ అందరికీ కష్టం, నేను పోతే బాగుణ్ణు’ అంటోంది. నిద్ర కోసం తెలిసిన మందుల షాపులో అల్ప్రజోలం తెచ్చి రెండు నెలలుగా ఇస్తున్నాం. ధైర్యం రావడానికి ఏం తినిపించాలి?
- ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: తిండి సంగతి తర్వాత. నన్ను కంగారు పెట్టినవి వేరే రెండున్నాయి. ఒకటి, మీరు మాటవరసకు రాసేసిన అల్ప్రజోలం. రెండోది, ‘నేను పోతే బాగుణ్ణు’ అన్న మాట.

అల్ప్రజోలం చీటీ లేకుండా అమ్మకూడని మందు. తెలిసిన షాపు కాబట్టి వాళ్లు ఇచ్చారు, మీరు తెచ్చారు. కీమో ఇస్తున్న డాక్టరుకు చెప్పారా? చెప్పి ఉండరు. వాంతులు రాకుండా ఇచ్చే అప్రెపిటెంట్ దీని ప్రభావాన్ని పెంచవచ్చు. నొప్పికి ట్రమడాల్, మార్ఫిన్ లాంటివి కూడా వాడుతుంటే మత్తు ఎక్కువై ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. పైగా దీంతో దిగులు తగ్గదు. ‘ఎవరితోనూ మాట్లాడదు’ అన్నారే, అందులో కొంత ఈ మాత్ర మగతే కావచ్చు.

అలాగని ఇది చదివి ఈ రాత్రికే ఆపేయకండి. ఇన్నాళ్లు వాడి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. ఎలా తగ్గించాలో ఆమెను చూసిన డాక్టరే చెప్పాలి, ఇక్కడ కూర్చుని నేను చెప్పకూడదు. ఆ స్ట్రిప్ తీసుకెళ్లి చూపించండి. తిడితే పడండి, దాచకండి.

అసలు నిద్ర ఎందుకు పట్టడం లేదో ఎవరైనా చూశారా? కీమోతో ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కొందరికి రెండు మూడు రోజులు నిద్ర చెడగొడుతుంది. దాన్ని ఉదయం పూటే ఇవ్వడం కుదురుతుందేమో అడగండి. రక్తహీనత, థైరాయిడ్, కాల్షియం తేడాలు కూడా నీరసంగా, దిగులుగా కనిపించేలా చేస్తాయి. నొప్పి సంగతి వేరే చెప్పాలి. మన ఇళ్లలో ఆడవాళ్లు అడిగినా ‘పర్లేదు’ అనేస్తారు. పదికి ఎంత నొప్పి అని అంకె అడగండి.

ఇక రెండో మాట. అది విసుగుతో అన్నది కావచ్చు, కాకపోవచ్చు. ‘చనిపోవాలనిపిస్తోందా అమ్మా?’ అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మాత్రలు, పురుగుమందులు ఏవైనా ఉంటే ఈరోజే తాళంలో పెట్టండి. కాదన్నా ఈ వారంలోనే మానసిక వైద్యుడికి చూపించండి. మీకు దగ్గరలో బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో ఆ విభాగం ఉంది. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, రాత్రైనా పలుకుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. ‘పిచ్చి డాక్టరు దగ్గరికా’ అని బంధువులు అంటారు, అననివ్వండి. దిగులు మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ‘కీమో అయ్యాక చూద్దాం’ అనడం సరి కాదు. క్యాన్సర్ మందుల జాబితా ఆ డాక్టరుకు తప్పక చూపించాలి. తర్వాత రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ మాత్ర వాడాల్సి వస్తే ఫ్లూయోక్సెటిన్, పారోక్సెటిన్ లాంటి దిగులు మందులు దాని పనిని తగ్గించవచ్చు, వేరేవి ఉన్నాయి.

గడ్డ అని చెప్పామన్నారు. క్యాన్సర్ వార్డులో పడుకుని, జుట్టు రాలాక కూడా ఆమెకు తెలియదనుకుంటున్నారా? నా అనుభవంలో చాలామందికి తెలుసు, ఇంట్లోవాళ్లు బాధపడతారని అడగరు, అంతే. ఎంతవరకు తెలుసుకోవాలనుందో ముందు ఆమెనే అడగండి. మిగతాది డాక్టరు సమక్షంలో మాట్లాడుకోవచ్చు.

తిండి అడిగారు కదా. ధైర్యం తెచ్చే తిండి నాకు తెలిసి లేదు. బాగా ఉడికించిన గుడ్డు, పప్పు, ఆమెకు నచ్చిన కూర, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. బలవంతం వద్దు. ఆకుపసర్లు, పొడులు ఎవరిచ్చినా కీమో డాక్టరును అడగనిదే ఇవ్వకండి. జ్వరం 100.4 చేరితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా, ఏ వేళైనా సరే ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరండి.