బంధువుల ఇళ్ల మీదుగా ఢిల్లీకి

ప్రశ్న: నేను, మావారు ఉద్యోగ విరమణ చేశాము. డిసెంబరు నెలాఖరులో హైదరాబాద్ నుంచి ఢిల్లీలోని మా అమ్మాయి ఇంటికి కారులో వెళ్తూ, దారిలో నాగ్‌పూర్‌లో మా ఆడపడుచునూ, ఝాన్సీలో మావారి పాత స్నేహితుణ్ణీ చూడాలనుకుంటున్నాము. మూడు రోజులు చాలుతాయా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చాలవమ్మా. 44వ జాతీయ రహదారి మీద నాగ్‌పూర్ సుమారు 500 కిలోమీటర్లు కనుక, తెల్లవారుజామున బయలుదేరితే సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్‌లో పిల్లలకు కొయ్యబొమ్మలు కొనుక్కుని కూడా చీకటి పడకముందే చేరుకోవచ్చు. అక్కడ ఒక పూర్తి రోజు ఉండండి. రాత్రి భోజనానికి వచ్చి తెల్లవారగానే వెళ్లిపోయే వదినను చూస్తే ఏ ఆడపడుచుకైనా మనసు చివుక్కుమంటుంది. ఆ తర్వాత పెంచ్ అడవి మీదుగా సివనీ వైపు సాగే దారి ఎంతో అందంగా ఉంటుంది. వన్యప్రాణులు కింది నుంచి దాటేందుకు వీలుగా అక్కడ రహదారిని ఎత్తుగా నిర్మించారు. సాగర్‌లో రాత్రి ఆగి, మరునాడు ఝాన్సీ చేరండి.

నన్ను కలవరపెడుతున్నది మీరు ఎంచుకున్న నెల. డిసెంబరు, జనవరిలలో గ్వాలియర్, ఆగ్రాల వైపు ముందున్న లారీ కూడా కనిపించనంత పొగమంచు కమ్ముకునే రోజులు ఉంటాయి. ప్రయాణాన్ని ఫిబ్రవరి చివరికి మార్చుకోండి. అది వీలుకాకపోతే ఝాన్సీలో ఎండ బాగా వచ్చాకే బయలుదేరండి, ఫలానా వేళకు వచ్చేస్తామని అమ్మాయికి మాత్రం మాట ఇవ్వకండి.