వంశంలోనే లావు ఉంటే వాకింగ్ దండగేనా?

"మా ఇంట్లో తాతల కాలం నుంచీ అందరూ లావే. జీన్స్‌లోనే ఉన్నప్పుడు వాకింగులు, జిమ్ములు ఎందుకు? డీఎన్ఏ టెస్టు చేయించుకోమంటారా?" అని అడిగారు. వాకింగ్ దండగ కాదు. టెస్టే దండగ. మీ అమ్మానాన్నలను, మేనమామలను, మేనత్తలను ఒకసారి వరసగా తలుచుకోండి, ఆ టెస్టు చెప్పేది పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది.

మాది అనంతపురం దగ్గర పల్లె. మా అవ్వ లావు, ఆమె అన్నదమ్ములూ లావే. నాయనకు, చిన్నాయనకు మధ్య రెండేళ్లే తేడా. ఇద్దరిదీ అవ్వ పోలికే, అవే వెడల్పు భుజాలు, అదే పొట్టి మెడ. పెళ్లిళ్లయ్యేదాకా ఒకరి చొక్కా ఒకరు వేసుకునేవాళ్లట. తర్వాత నాయన చేను చూసుకున్నాడు. చిన్నాయన టౌన్లో శనక్కాయల మండీ పెట్టాడు. పొద్దున పరుపు మీద కూర్చుంటే రాత్రి షట్టర్ దించేదాకా లేవడు. టీ అక్కడికే, క్యారియర్ అక్కడికే. పక్క గదిలో ఉన్న పద్దుల పుస్తకం కావాలన్నా గుమస్తాను కేకేస్తాడు.

ఒక ఏడు కాయలు అమ్మడానికి నాయనతోపాటు నేనూ మండీకి వెళ్లాను. మా మూటలు తూచడం అయిపోయి కాటా ఖాళీగా ఉంది. హమాలీల్లో పెద్దాయన ఒకడు, నోరు కొంచెం ఎక్కువ, "అన్నదమ్ములిద్దరూ ఎక్కండి సామీ, చూద్దాం" అన్నాడు. నాయన చెప్పులు విడిచి ఎక్కాడు. 69 కిలోలు. చిన్నాయన వద్దు వద్దంటూనే వచ్చి, జేబులో తాళాల గుత్తి తీసి గుమస్తా చేతికిచ్చి మరీ ఎక్కాడు. 94. ఒక్కసారి ఊపిరి బిగబట్టి చూశాడు. అదే 94. హమాలీ పెద్దాయన తాపీగా బీడీ ఆర్పి, "ఒకే చేని కాయ సావుకారీ, నీదాంట్లో తేమ ఎక్కువుంది, తరుగు తీయల్ల" అన్నాడు. రైతుల మూటలకు తేమ పేరు చెప్పి తరుగు తీసేది చిన్నాయనే కదా! మండీ అంతా ఒకటే నవ్వులు. నాయన మాత్రం నవ్వలేదు, నేల చూపులు చూశాడు. ఆ తరుగు బాధ ఆయనకూ ఉంది మరి.

తిండి తేడా అనుకుంటారేమో. ఆ మధ్యాహ్నం నాయన సంగటి రెండు ముద్దలు ఊరిమిండితో లాగించాడు. చిన్నాయన డాక్టరు చెప్పాడని రెండు పుల్కాలు తిని లేచాడు. లేచాడంటే మళ్లీ పరుపు మీదికే.

ఇక జీన్స్ సంగతి. లావుకు, ఎఫ్‌టీఓ అనే జీన్‌కు సంబంధం ఉందని 2007లో బయటపడింది. ఆ జీన్‌లో లావు తెచ్చే రకం ఒకటుంది. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వచ్చినవాళ్లు, ఒక్కటీ రానివాళ్ల కంటే సగటున 3 కిలోలు ఎక్కువ తూగుతారు. 3 కిలోలండీ, 25 కాదు. 2011లో 2 లక్షల 18 వేల మంది పెద్దవాళ్ల వివరాలు కలిపి చూస్తే, ఒళ్లు కదిలించేవాళ్లలో ఆ జీన్ దెబ్బ 27 శాతం తక్కువగా ఉంది. అంతకుముందే, 2008లో, అమెరికాలో కార్లు లేకుండా గుర్రాలతో సేద్యం చేసుకునే ఆమిష్ జనాన్ని పరీక్షించారు. వాళ్లలో బాగా పనిచేసేవాళ్లకు ఆ లావు రకం ఉన్నా లేనట్టే. తక్కువ కదిలేవాళ్లకూ వీళ్లకూ తేడా రోజుకు మూడు నాలుగు గంటల పని. అచ్చం మా నాయనే.

అన్నదమ్ములకు జీన్స్ సగమే కలుస్తాయి కదా అని ఎవరో ఒకరు లాయర్ పాయింట్ లాగుతారు. తెలుసు. వేరే జీన్స్ కూడా బోలెడున్నాయి, అదీ తెలుసు. అయినా ఆ 25 కిలోలు పరుపు మీద వచ్చినవేనని స్టాంపు పేపరు మీద రాసిస్తా. అన్నట్టు, నాయనకు కూడా షుగర్ ఉంది. సన్నగా ఉంటే ఏదీ రాదనుకోకండి.

వాకింగ్ మొదలుపెట్టమంటాను గానీ, మా ఊళ్లో వాకర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తెల్లారి గ్రౌండులో నాలుగు రౌండ్లు కొడతారు, గేటు బయట ఉగ్గాణి, బజ్జీ తింటారు, కారెక్కి ఆఫీసుకు పోయి సాయంత్రం దాకా కుర్చీకి అతుక్కుపోతారు. వారానికి కనీసం 150 నిమిషాలు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, ఆ లెక్క తీరిపోతుంది సరే, మిగతా రోజంతా? సరుకులకు నడిచి పోదామంటే ఫుట్‌పాత్ మీద బైకులు, జనరేటర్లు, చెప్పుల స్టాండ్లు. మార్చి వచ్చిందంటే తొమ్మిది గంటలకే మాడు పగిలే ఎండ.

అసలు ఇదంతా పిల్లప్పుడే మొదలవుతుంది. మా పాపది అవ్వ ఒళ్లే, నాకు స్పష్టంగా కనిపిస్తోంది. దాన్ని ఆడనిస్తే చాలు. కానీ బడిలో ఆటల పీరియడు టైంటేబుల్లో ఉంటుంది, ఆ టైముకు లెక్కల సారు వచ్చి కూర్చుంటాడు. పేరెంట్స్ మీటింగులో అడిగాను. "టెన్త్ అయిపోనీండి సార్, తర్వాత ఎంతైనా ఆడుకోవచ్చు" అన్నారు. పాప ఇప్పుడు చదువుతున్నది నాలుగో తరగతి.